మందు మార్చింది రక్తాన్నా, పరీక్షనా?

ముగ్గురు మనుషులను ఊహించుకుందాం. మొదటివారి రిపోర్టులో, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్‌ఆర్ 1.1 అని ఉంది. అది మామూలు హద్దుల్లోని అంకె. కానీ ఆయన పొద్దున్నే, గడ్డలు రాకుండా ఇచ్చే అపిక్సబాన్ మాత్ర వేసుకున్నారు, ఆయన రక్తం గడ్డకట్టడం నిజంగానే మందగించి ఉంది. రెండోవారి ఐఎన్‌ఆర్ 3 దాటింది. ఆవిడ రక్తంలో మాత్రం ఏ లోటూ లేదు. ఇన్‌ఫెక్షన్‌కు సెలైన్‌లో ఇస్తున్న డాప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్, ల్యాబ్‌లో పరీక్షకు వాడే ద్రావణంతో కలబడింది. మూడోవారికి ఐఎన్‌ఆర్ 5. ఆయన ఎప్పటినుంచో, గడ్డలు రాకుండా ఇచ్చే పాత మందు వార్ఫరిన్ వాడుతూ, నాలుగు రోజుల కిందట మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. ఈ అంకె నిజం, రక్తస్రావం ముప్పూ నిజం.

పరీక్ష ఒకటే, జరిగినవి మాత్రం మూడు వేర్వేరు సంగతులు. మందు రక్తాన్ని మార్చవచ్చు. రక్తాన్ని ముట్టుకోకుండా పరీక్షను మాత్రమే మార్చవచ్చు. రక్తాన్ని మార్చి కూడా పరీక్షకు చిక్కకుండా పోవచ్చు. ఇందులో ఏది జరిగిందో తేల్చుకోకుండా అంకెను మాత్రమే చూసి నిర్ణయం తీసుకుంటే, అక్కర్లేని ప్లాస్మా ఎక్కించడం, వెంటనే చేయాల్సిన ఆపరేషన్ వాయిదా వేయడం, రక్తం పలచగా ఉన్న మనిషిని ధీమాగా బల్ల మీదికి ఎక్కించడం, అన్నీ జరగవచ్చు. నా దృష్టిలో గడ్డకట్టే పరీక్షల రిపోర్టుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఈ చివరి రకం, అంటే రక్తం మారినా పరీక్షకు చిక్కనిది. ఎర్ర అక్షరాల్లో వచ్చిన ఫలితాన్ని ఎవరో ఒకరు ప్రశ్నిస్తారు. మామూలుగా కనిపించే ఫలితాన్ని ఎవరూ ప్రశ్నించరు.

ఈ చిక్కు అర్థం కావాలంటే ముందు ట్యూబులో ఏం జరుగుతుందో చూడాలి. రక్తాన్ని లేత నీలం మూత ఉన్న ట్యూబులోకి తీస్తారు. అందులో సోడియం సిట్రేట్ ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి రక్తం గడ్డకట్టదు. ట్యూబును యంత్రంలో గిర్రున తిప్పి కణాలను అడుక్కి దించి, పైన తేలిన ప్లాస్మాను తీసుకుంటారు. దానికి గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే థ్రాంబోప్లాస్టిన్ అనే ద్రావణం, కాల్షియం కలిపి గడ్డ ఏర్పడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కిస్తే అది పీటీ, అంటే ప్రోథ్రాంబిన్ టైమ్. మామూలుగా 11 నుంచి 13 సెకన్లకు అటూ ఇటూ ఉంటుంది. థ్రాంబోప్లాస్టిన్ బదులు సిలికా లాంటి పొడి, ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు పదార్థం కలిపి చేస్తే అది ఏపీటీటీ. ఇది సుమారు 25 నుంచి 35 సెకన్లు. రెండూ గడ్డకట్టే క్రమంలో వేర్వేరు దారులను పరీక్షిస్తాయి, చివర్లో ఒకే దారిలో కలుస్తాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రక్తంతో పాటు మందు కూడా ట్యూబులోకి వస్తుంది. హెపారిన్ సూది, డాబిగాట్రాన్, రివరోక్సబాన్ మాత్రల లాంటి గడ్డను ఆపే మందులు ల్యాబ్‌కు చేరాక కూడా పని ఆపవు, ఆ గాజు గొట్టంలోనే గడ్డను అడ్డుకుంటూ ఉంటాయి. వార్ఫరిన్ అలా కాదు. మంచి ప్లాస్మాలో వార్ఫరిన్‌ను నేరుగా కలిపినా పీటీ పెరగదు. అది చేసే పనంతా కాలేయంలో, రోజుల ముందే జరిగిపోతుంది. విటమిన్ కె తిరిగి వాడకానికి రాకుండా అది అడ్డుపడటంతో 2, 7, 9, 10వ ఫ్యాక్టర్లు, అంటే గడ్డకట్టడానికి కావాల్సిన ప్రొటీన్లు, పనికిరాని రూపంలో తయారవుతాయి. అందుకే వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్‌ఆర్ రక్తం ఏ గంటకు తీశారన్నది అంత పెద్ద విషయం కాదు. రివరోక్సబాన్ లాంటి కొత్త తరం మాత్రలు వాడేవారికి మాత్రం గంటే సర్వస్వం.

పీటీ పరీక్షను అమెరికా వైద్యుడు ఆర్మండ్ క్విక్ 1935లో ప్రకటించారు. దశాబ్దాల పాటు దీంతో ఒక ఇబ్బంది ఉండేది. ఒక్కో తయారీదారు థ్రాంబోప్లాస్టిన్ ఒక్కో తీరుగా స్పందించేది కాబట్టి ఒకే మనిషి రక్తం ఒక ల్యాబ్‌లో 18 సెకన్లు, ఇంకో ల్యాబ్‌లో 25 సెకన్లు చూపించవచ్చు. దీన్ని సరిదిద్దడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల్లో ఐఎన్‌ఆర్ పద్ధతిని తెచ్చింది. రోగి పీటీని మామూలు మనుషుల సగటు పీటీతో భాగించి, ఆ నిష్పత్తిని ఆ ద్రావణానికి ఇచ్చిన ఐఎస్‌ఐ అనే సంఖ్య ఘాతానికి హెచ్చిస్తే వచ్చేదే ఐఎన్‌ఆర్. ఈ సర్దుబాటు మొత్తాన్ని వార్ఫరిన్ జాతి మందులను నిలకడగా వాడుతున్నవారి ప్లాస్మాతో చేశారు. కాబట్టి ఐఎన్‌ఆర్ వాళ్ల కోసం పుట్టిన కొలత. కాలేయ జబ్బులోనో, రివరోక్సబాన్ వాడుతున్నప్పుడో పీటీని ఐఎన్‌ఆర్‌గా మార్చి చూపిస్తే అంకె వస్తుంది గానీ, 2 నుంచి 3 అనే వార్ఫరిన్ లక్ష్యంతో దాన్ని పోల్చడానికి ఏ ఆధారమూ ఉండదు.

వార్ఫరిన్ విషయంలోనూ మొదటి వారంలో ఐఎన్‌ఆర్‌ను నమ్మడంలో ఒక మెలిక ఉంది. ఏడో ఫ్యాక్టర్ ఆయుర్దాయం చాలా చిన్నది, దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే సమయం, సుమారు 6 గంటలు. రెండో ఫ్యాక్టర్‌ది, అంటే ప్రోథ్రాంబిన్‌ది, 60 గంటల పైమాటే. మాత్ర మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే ఏడో ఫ్యాక్టర్ పడిపోయి ఐఎన్‌ఆర్ పైకి లేస్తుంది. కానీ గడ్డలు రాకుండా నిజంగా కాపాడేది ప్రోథ్రాంబిన్ తగ్గడం, అది ఇంకా తగ్గలేదు. పైగా గడ్డను అదుపులో ఉంచే ప్రొటీన్ సి కూడా ఏడో ఫ్యాక్టర్ లాగే త్వరగా తగ్గిపోతుంది. అంటే రిపోర్టు రక్తం పలచబడింది అంటున్న ఆ రోజుల్లో గడ్డ కట్టే వైపే మొగ్గు ఉండవచ్చు. కాలి సిరల్లో గడ్డ వచ్చినవారికి వార్ఫరిన్‌తో పాటు హెపారిన్‌ను కనీసం 5 రోజులు, ఐఎన్‌ఆర్ 2 దాటి 24 గంటలు నిలిచేదాకా కొనసాగించడం వెనక ఉన్న కారణం ఇదే. "ఐఎన్‌ఆర్ వచ్చేసింది కదా, సూదులు ఆపేద్దాం" అని మూడో రోజే తొందరపడటం అందుకే తప్పు.

ఇక వార్ఫరిన్‌తో కలిసినప్పుడు అంకెను నిజంగానే కదిలించే మందులు బోలెడు. మెట్రోనిడజోల్, కోట్రైమాక్సజోల్, ఫ్లూకోనజోల్ కాలేయంలో వార్ఫరిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. కొద్ది రోజుల్లోనే ఐఎన్‌ఆర్ ఎగబాకుతుంది. గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ కూడా అదే పని చేస్తుంది, కానీ నిదానంగా, వారాల తరబడి. అది శరీరంలో నెలల పాటు ఉండిపోతుంది కాబట్టి ఆపాక కూడా ప్రభావం వెంటనే పోదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఆ ఎంజైమ్‌లను పెంచి వార్ఫరిన్‌ను వేగంగా ఖర్చు చేయించేస్తుంది. ఐఎన్‌ఆర్ పడిపోతుంది, డాక్టరు వార్ఫరిన్ డోసు పెంచుతారు. అసలు ప్రమాదం రిఫాంపిసిన్ కోర్సు ముగిశాక వస్తుంది. ఎంజైమ్‌లు రెండు మూడు వారాల్లో మామూలు స్థాయికి దిగుతాయి, పెంచిన డోసు మాత్రం అలాగే ఉంటుంది. మందు మొదలుపెట్టినప్పుడు పరీక్ష చేయించడం చాలామందికి గుర్తుంటుంది. మందు ఆపినప్పుడూ చేయించాలన్నది మర్చిపోతారు. నిరపాయంగా అనిపించే పారాసెటమాల్ కూడా రోజుకు 2 గ్రాములు, ఆపైన, వరసగా కొన్ని రోజులు వేసుకుంటే ఐఎన్‌ఆర్‌ను పెంచగలదు. ఒళ్లు నొప్పులకు అప్పుడో మాత్ర ఇప్పుడో మాత్ర వేసుకోవడం వేరు, వారం పాటు రోజుకు నాలుగేసి వేసుకోవడం వేరు.

వార్ఫరిన్ ఊసే లేనివారికి కూడా పీటీ పెరగవచ్చు. సెఫోపెరజోన్ అనే యాంటీబయాటిక్ నిర్మాణంలోని ఒక భాగం విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. సరిగా తినలేని స్థితిలో ఉన్న రోగికి, కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఇది తొందరగా కనిపిస్తుంది. విటమిన్ కె ఇస్తే సరిపోతుంది. పిల్లల రక్త క్యాన్సర్‌లో వాడే ఆస్పరాజినేజ్ కాలేయం ప్రొటీన్లు తయారుచేయడాన్నే తగ్గించి, గడ్డకు పోగులిచ్చే ఫైబ్రినోజన్‌నూ గడ్డను అదుపులో ఉంచే యాంటీథ్రాంబిన్‌నూ పడగొడుతుంది. టైగెసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఫైబ్రినోజన్‌ను తగ్గించగలదు. ఇవన్నీ రక్తంలో వచ్చిన నిజమైన మార్పులే.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సంగతి వేరే. ఇవి ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తాయి. పీటీకీ ఏపీటీటీకీ వాడేది ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మా. కాబట్టి ఈ రెండు పరీక్షలూ ఆ మందులను చూడనే చూడవు. ప్లేట్‌లెట్ల లెక్క కూడా మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే తగ్గింది వాటి పనితనం, సంఖ్య కాదు. "గడ్డకట్టే పరీక్షలన్నీ నార్మల్" అన్న మాటకు ఆస్పిరిన్ వాడేవారి విషయంలో దాదాపు అర్థం లేదు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ దాని జీవితకాలమంతా, అంటే 7 నుంచి 10 రోజులు, అలాగే ఉండిపోతుంది. మందు ఆపిన మర్నాడు రక్తంలో ఆస్పిరిన్ లేకపోయినా ప్రభావం ఉంటుంది.

హెపారిన్‌కు ఏపీటీటీ పాత తోడు. నరంలోకి ధారగా ఇచ్చే మామూలు హెపారిన్ డోసును దీన్ని చూసే సర్దుతారు. కానీ జ్వరం, పెద్ద ఆపరేషన్, ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) లాంటి స్థితుల్లో ఎనిమిదో ఫ్యాక్టర్ బాగా పెరుగుతుంది. అది ఏపీటీటీని కుదిస్తుంది. హెపారిన్ సరిపడా ఉన్నా చాలడం లేదన్నట్టు రిపోర్టు వస్తుంది, డోసు పెంచుతూ పోతారు. అలాంటప్పుడు యాంటీ టెన్‌-ఏ అనే పరీక్ష చేయాలి. అది సెకన్లు లెక్కించదు, పదో ఫ్యాక్టర్‌ను హెపారిన్ ఎంత అడ్డుకుంటోందో నేరుగా కొలుస్తుంది. మామూలు హెపారిన్‌కు 0.3 నుంచి 0.7 యూనిట్ల మధ్య ఉండాలని చూస్తారు. ఎనాక్సపారిన్ లాంటి చిన్న అణువుల హెపారిన్‌కు ఏపీటీటీ అసలు నమ్మదగ్గది కాదు. దాన్ని కొలవాల్సి వస్తే సూది ఇచ్చిన 4 గంటలకు రక్తం తీసి ఇదే పరీక్ష చేయాలి.

హెపారిన్ విషయంలో రక్తం తీసే చేతిదీ, సమయానిదీ పాత్ర ఉంది. క్యాథెటర్ మూసుకుపోకుండా హెపారిన్ నింపి ఉంచుతారు. అదే గొట్టం నుంచి రక్తం తీస్తే ఒంట్లో లేని హెపారిన్ ట్యూబులోకి వస్తుంది. ఏపీటీటీ విపరీతంగా పెరిగి, పీటీ మాత్రం మామూలుగా ఉంటే అనుభవజ్ఞులైన ల్యాబ్ టెక్నీషియన్లు వెంటనే అనుమానిస్తారు. చాలా పీటీ ద్రావణాల్లో హెపారిన్‌ను ఒక మోతాదు దాకా విరిచేసే పదార్థం కలిపి ఉంటుంది, అందుకే పీటీ కదలదు. గడ్డను ఏర్పరిచే థ్రాంబిన్ అనే ఎంజైమ్‌ను ప్లాస్మాకు కలిపి చూసే థ్రాంబిన్ టైమ్ పెరిగి, పాము విషం నుంచి తీసిన రెప్టిలేస్‌తో చేసే పరీక్ష మామూలుగా వస్తే హెపారిన్ ఉందని దాదాపు ఖాయం. ఆ విషాన్ని హెపారిన్ ఏమీ చేయలేదు. దీనికి తలకిందులుగా, హెపారిన్ నిజంగా ఇస్తున్న మనిషి రక్తాన్ని ట్యూబులో గంటకు మించి వదిలేస్తే, ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే ఒక ప్రొటీన్ ఆ హెపారిన్‌ను పట్టేసుకుంటుంది. ఏపీటీటీ తక్కువ చూపిస్తుంది. అందుకే ఆ నమూనాను గంట లోపే యంత్రంలో తిప్పి ప్లాస్మాను వేరుచేయాలి.

ఇప్పుడు మొదట చెప్పుకున్న అపిక్సబాన్ దగ్గరికి వద్దాం. డాబిగాట్రాన్ థ్రాంబిన్‌ను అడ్డుకుంటుంది. రివరోక్సబాన్, అపిక్సబాన్, ఎడోక్సబాన్ క్రియాశీలమైన పదో ఫ్యాక్టర్‌ను అడ్డుకుంటాయి. వీటికి నెలనెలా పరీక్ష అక్కర్లేదన్నదే వీటి పెద్ద సుగుణం. ఆ మాట జనంలోకి వెళ్లి, పరీక్ష చేస్తే తెలిసిపోతుందన్న అపోహ కూడా దానితో పాటు వెళ్లింది. రివరోక్సబాన్ పీటీని పెంచుతుంది, కానీ ఎంత పెంచుతుందన్నది ల్యాబ్ వాడే ద్రావణాన్ని బట్టి ఉంటుంది. అపిక్సబాన్ పూర్తి మోతాదులో ఉన్నా పీటీ, ఏపీటీటీ రెండూ మామూలుగా రావచ్చు. డాబిగాట్రాన్ ఏపీటీటీని పెంచుతుంది గానీ, మందు ఎక్కువైన కొద్దీ ఆ పెరుగుదల ఒక చోట ఆగిపోతుంది. కాబట్టి ఎంత ఉందో దాన్నిబట్టి చెప్పలేం. ఇక్కడ పనికొచ్చే మంచి సాధనం థ్రాంబిన్ టైమ్. డాబిగాట్రాన్ కొంచెం ఉన్నా అది విపరీతంగా పెరుగుతుంది, అది మామూలుగా ఉంటే చెప్పుకోదగ్గ డాబిగాట్రాన్ లేనట్టే. మిగతా మూడింటికీ యాంటీ టెన్‌-ఏ పరీక్షను ఆ మందు పేరుతోనే సరిచూసి కొలవాలి.

పక్షవాతం వచ్చి, మెదడులో గడ్డను కరిగించే సూది ఇవ్వాలా వద్దా అన్నది నిమిషాల్లో తేల్చాల్సినప్పుడు ఈ వివరాలన్నీ ప్రాణం మీదికి వస్తాయి. మామూలు పీటీ చూసి "మందు ప్రభావం లేదు" అనుకోవడానికి వీల్లేదు. మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్న రెండు సంగతులూ ఐఎన్‌ఆర్ కన్నా ఎక్కువ చెబుతాయి. ఈ మాత్రలు వేసుకున్న 1 నుంచి 4 గంటల మధ్య రక్తంలో గరిష్ఠంగా ఉంటాయి, తర్వాతి డోసుకు ముందు కనిష్ఠానికి దిగుతాయి. డాబిగాట్రాన్ దాదాపు 80 శాతం కిడ్నీల ద్వారానే పోతుంది. కిడ్నీలు దెబ్బతింటే అది రోజుల తరబడి నిలిచిపోతుంది.

గడ్డలు ఎందుకు వస్తున్నాయో తెలుసుకోవడానికి చేసే పరీక్షల్లో మందుల జోక్యం ఇంకో రకం హాని చేస్తుంది. అది ఒక్క పూటతో పోదు, జీవితాంతం వెంటాడే ముద్ర వేస్తుంది. వార్ఫరిన్ వాడుతున్నప్పుడు ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ తగ్గడం సహజం, ఎందుకంటే అవి కూడా విటమిన్ కె మీదే ఆధారపడతాయి. ఆ సమయంలో పరీక్ష చేయించి "పుట్టుకతో వచ్చిన లోపం" అని రాసేస్తే, ఆ మాట పిల్లల దాకా, తోబుట్టువుల దాకా పాకుతుంది. గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్ వల్ల, గర్భంతో ఉన్నప్పుడు కూడా ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. హెపారిన్ యాంటీథ్రాంబిన్‌ను తగ్గిస్తుంది. రివరోక్సబాన్ లాంటివి దీనికి ఎదురు పని చేస్తాయి. పదో ఫ్యాక్టర్ మీద ఆధారపడ్డ యాంటీథ్రాంబిన్ పరీక్షలో అంకెను లేనిపోని ఎత్తుకు లేపి, నిజంగా ఉన్న లోపాన్ని దాచేస్తాయి. గడ్డలు రావడానికి కారణమయ్యే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ అనే యాంటీబాడీకి చేసే పరీక్ష మరీ సున్నితం. రివరోక్సబాన్ వాడుతుంటే అది లేకపోయినా ఉన్నట్టు రావచ్చు. ఆ ఒక్క ముద్రతో మందు మార్చేసి, జీవితాంతం వాడమని చెప్పే అవకాశం ఉంది. కొన్ని ల్యాబ్‌లు ఇలాంటి నమూనాలో ప్రత్యేకమైన బొగ్గు మాత్రలు కలిపి మందును పీల్చేయించి, ఆ తర్వాత పరీక్షిస్తాయి. జన్యు పరీక్షలను, ఉదాహరణకు ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యు మార్పుకు చేసే డీఎన్‌ఏ పరీక్షను, ఈ మందులేవీ ఏమీ చేయలేవు. గడ్డ కరుగుతున్నప్పుడు రక్తంలోకి వచ్చే డీ-డైమర్ సంగతి గుర్తుంచుకోదగ్గది. గడ్డ ఉందేమోనన్న అనుమానంతో చికిత్స ముందే మొదలుపెడితే అది తగ్గుముఖం పడుతుంది, కాబట్టి పరీక్ష విలువ ఉండేది మొదటి డోసుకు ముందే.

ద్రావణంతోనే కలబడే మందులు తక్కువే గానీ వాటిని తెలుసుకుని తీరాలి. డాప్టోమైసిన్ కొన్ని రకాల థ్రాంబోప్లాస్టిన్‌లోని ఫాస్ఫోలిపిడ్‌తో ముడిపడి పీటీని పొడిగిస్తుంది. ఒంట్లో గడ్డకట్టడం మాత్రం మామూలుగానే సాగుతుంది. తర్వాతి డోసు ఇవ్వబోయే ముందు, మందు అతి తక్కువగా ఉన్నప్పుడు రక్తం తీస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. ఒరిటావాన్సిన్ అనే యాంటీబయాటిక్ ఒక్క డోసు ఏపీటీటీని 120 గంటల దాకా పొడిగించి చూపించగలదు. ఆ ఐదు రోజులూ ఏపీటీటీ చూసి హెపారిన్ డోసు సర్దడం కుదరదు.

అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఎమిసిజుమాబ్ అనే సూది మందు. ఎనిమిదో ఫ్యాక్టర్ లోపం వల్ల వచ్చే హీమోఫీలియా ఏ జబ్బు ఉన్నవారికి ఆ ఫ్యాక్టర్ చేసే పనిని ఇది అనుకరిస్తుంది. అమెరికాలో 2017లో అనుమతి వచ్చింది. సూది తీసుకుంటున్న మనిషి ఏపీటీటీ మామూలుగానో, ఇంకా తక్కువగానో వస్తుంది. ఏపీటీటీ ఆధారంగా చేసే పరీక్షలో ఎనిమిదో ఫ్యాక్టర్ మహా ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి ఆయనకు హీమోఫీలియా అలాగే ఉంది, పెద్ద దెబ్బ తగిలితే రక్తం కారుతుంది. ఎనిమిదో ఫ్యాక్టర్‌ను సరిగ్గా కొలవాలంటే ఆవు ప్రొటీన్లు వాడి, రంగు మార్పును బట్టి కొలిచే క్రోమోజెనిక్ పరీక్ష ఒక్కటే దారి, ఎందుకంటే ఎమిసిజుమాబ్ మనిషి ప్రొటీన్లనే గుర్తిస్తుంది. సూదులు ఆపాక కూడా ఈ ప్రభావం 6 నెలల దాకా ఉండవచ్చు. తెలియని ఆసుపత్రిలో ప్రమాదానికి గురై చేరిన ఇలాంటి మనిషి ఏపీటీటీ చూసి "గడ్డకట్టడం బాగుంది" అనుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. ఎమిసిజుమాబ్ వాడుతున్నట్టు రాసిన కార్డు ఎప్పుడూ దగ్గర ఉండాలి.

రక్తం తీసే చోట ఇచ్చే కాగితం మీద పేరు, వయసు ఉంటాయి. మందు పేరు, డోసు, చివరి డోసు వేసుకున్న గంట, వార్ఫరిన్‌తో పాటు ఈ మధ్య మొదలుపెట్టిన లేదా ఆపిన మందులు కూడా రాయమని అడిగే చోట్లు తక్కువే. అడగకపోయినా చెప్పండి. రాసేవారు కంగారులో ఉంటే మీరే రాసి ఇవ్వండి. "రక్తం పలచబడే మాత్ర" అని కాకుండా మందు పేరే రాయాలి, వాటిలో ఒక్కోదానికి ఒక్కో పరీక్ష ఉంది మరి. పరీక్ష బాగా రావాలని ముందు రోజు మాత్ర మీ అంతట మీరు ఆపవద్దు. రివరోక్సబాన్, అపిక్సబాన్ లాంటివాటిని డాక్టరుకు చెప్పకుండా ఆపితే, వాటి ప్రభావం ఒకటి రెండు రోజుల్లోనే తగ్గిపోయి గుండె లయ తప్పినవారికి పక్షవాతం ముప్పు తిరిగి వస్తుంది.